సామ్రాజ్యం మొహం వెతుక్కుంటూ సింగరాయకొండ దాకా

ప్రయాణం నుంచి వచ్చి వారమైంది. పెట్టె ఎప్పుడు తెరిచినా ఇంకా తుమ్ములే. చీరలు రెండుసార్లు ఉతికినా గుంటూరు ఘాటు వదల్లేదు. మా ఇంట్లో పనిచేసే అప్పలనరసమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గానీ ఆ గదిలోకి రావడం లేదు. "ఇంతకీ ఏటి తెచ్చినారమ్మా అక్కణ్ణించి?" అని అడిగింది. ఒక ఫొటో తెచ్చాను, కొన్ని చీవాట్లు తెచ్చాను అని చెప్పాను.

నేనెవరో ముందు చెప్పాలి. పుట్టింది విజయనగరం, ఉండేది విశాఖపట్నం. ముప్ఫై ఏళ్ళుగా డాక్యుమెంటరీలు తీస్తున్నాను. రాళ్ళ క్వారీల్లో ఊపిరి పాడైనవాళ్ళు, భూమి పోగొట్టుకున్నవాళ్ళు, చేసిన పనికి కూలి అందనివాళ్ళు, ఇదీ నా లోకం. మానవ హక్కుల సినిమాలంటారు వీటిని. వాటి గురించి రెండు పుస్తకాలు కూడా రాశాను. నా సినిమాలు చూసినవాళ్ళు తక్కువ, పుస్తకాలు చదివినవాళ్ళు ఇంకా తక్కువ. మెచ్చుకున్నవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

మూడో పుస్తకం నా పని గురించే. అందులో ఆరో అధ్యాయమంటే నాకు మహా ముద్దు. ఇరవై ఏళ్ళ కిందట చిలకలూరిపేట దగ్గర ఒక మిరప కళ్లంలో తీసిన సినిమా గురించి అది. ఎండిన మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చుంటారు. వాళ్ళకి తాగడానికి నీళ్ళు కూడా ఎవరూ పెట్టరు. ఆ మాట కెమెరా ముందు చెప్పిన ఇద్దరు అక్కచెల్లెళ్ళకి ఏ హానీ రాకూడదని, వాళ్ళ మొహాలు తెర మీద మసకగా చేశాను. అసలు టేపులు కూడా చెరిపేయమన్నాను. ఆ సినిమాలో పెద్దామె భుజాలు వణికే దృశ్యం ఒకటుంది. వెనక వేణువు. అది చూసి ఏడవనివాళ్ళు లేరు. ఆమె కన్నీటి గురించి ఆరో అధ్యాయంలో పేజీన్నర రాశాను. అధ్యాయం పేరు 'మొహం దాచడమే మర్యాద'. ఈ మాట నేను చెప్పని కాలేజీ లేదు.

పుస్తకం వేసే ఆయన చేతిరాత ప్రతి చదివి, "అంతా బాగుందండీ. వాళ్ళ కథే కదా, వాళ్ళ సంతకం ఒకటి తెండి. లేకపోతే ఆరో అధ్యాయం వెయ్యను" అన్నారు. రెండు రోజుల పని అనుకుని రైలెక్కాను. ఐదు రోజులు పట్టింది.

గుంటూరు

శివరాత్రి వెళ్ళిన వారం. గుంటూరు స్టేషను బయటికి రాగానే మొదటి తుమ్ము వచ్చింది. ఆటో అతని పేరు మస్తాన్. అతను నా వైపు చూసి, సీటు కింద నుంచి ఒక ఉతికిన చేతిరుమాలు తీసి ఇచ్చాడు. "ఉంచుకోండి మేడం. యార్డు వైపు పోయేవాళ్ళ కోసం డజను కొనిపెట్టా" అన్నాడు. దానికి వేరే డబ్బులు తీసుకోలేదు. మా ఊళ్ళో ఆటో ఎక్కితే చిల్లర లేదనడం తప్ప ఇలాంటి మర్యాద నేను చూడలేదు.

టిఫిన్ దగ్గర ఆగాం. నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, వాటి మీద ఎర్రగా కారప్పొడి, దాని మీద నెయ్యి. "కారం లేకుండా ఇవ్వండి" అన్నాను. వడ్డించే అతను కారం వేసిన ప్లేటు తీసుకెళ్ళి, కారాన్ని చిన్న గిన్నెలో విడిగా పోసి మళ్ళీ తెచ్చాడు. "వేసుకోకపోతే ఇడ్లీకి రుచెక్కడిదండీ?" అన్నాడు జాలిగా. మా వైపు పులుసులో బెల్లం వేస్తారని చెబితే, అతనూ మస్తానూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అలా తిని బతికి బట్టకట్టినందుకు నన్ను అభినందించలేదు గానీ, వాళ్ళ చూపులో ఆ భావమే ఉంది.

మిర్చి యార్డులో మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు కొండల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కో టిక్కీ పక్క విప్పి, గుప్పెడు కాయ బయటికి తీసి, బేరగాళ్ళు విరిచి చూస్తున్నారు. నా పాత పరిచయాలేవో ఇక్కడ దొరుకుతాయని వెళ్ళాను. ఎవరూ దొరకలేదు. పదిహేడు తుమ్ములు తుమ్మాక లెక్క ఆపేశాను. టిక్కీల పక్కన రాలిన కాయలు చీపురుతో పోగుచేస్తున్న ఒకామె నన్ను చూసి, "ఏ టీవీ అమ్మా మీది?" అని అడిగింది. టీవీ కాదు, డాక్యుమెంటరీ అన్నాను. "అది ఏ నంబర్లో వస్తది?" అంది. ముప్ఫై ఏళ్ళలో ఆ ప్రశ్నకి నేను జవాబు నేర్చుకోలేదు.

కోటేశ్వరమ్మ కళ్లం

మర్నాడు పొద్దున్నే చిలకలూరిపేట దాటి, కాలవ పక్కనున్న ఆ ఊరికి వెళ్ళాను. కోటప్పకొండ తిరునాళ్ళలో ఊరేగించే ఎత్తైన ప్రభలు కట్టిన వెదుళ్ళు ఇంకా రోడ్డు వార పడి ఉన్నాయి. దారికి ఒక పక్క పత్తి ఏరేసిన చేలు, పీకి కుప్పలేసిన పత్తికట్టె. రెండో పక్క కళ్లాలు. ఎకరాలకి ఎకరాలు నేల కనపడకుండా ఎర్రగా మిరపకాయలే. ఎన్నిసార్లు చూసినా నాకు అలా నిలబడిపోవాలనిపిస్తుంది.

మొదటి కళ్లంలోనే కోటేశ్వరమ్మ దొరికింది. చెల్లెలామె. ఇప్పుడు అరవైకి దగ్గర పడింది. నడుము కట్టు, తలకి తుండు, చేతిలో పుల్ల. పాతికమంది ఆడవాళ్ళ ముఠాకి ఆమే మేస్త్రి. నన్ను చూసి కళ్ళు చికిలించింది. పేరు చెప్పి నమస్కారం పెట్టాను. పుల్ల కింద పారేసింది.

"నువ్వా! మా మొహాలు చెరిపినావిడవి నువ్వేగా!"

పాతికమందీ తొడిమలు తీయడం ఆపి తలలెత్తారు. నేను ముందే సిద్ధం చేసుకున్న మాటలు చెప్పాను. మీ రక్షణ కోసం, మీ గౌరవం కోసం అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఏం రచ్చనమ్మా? నువ్వు సీడీ పంపిచ్చావు. పంచాయితీ ఆపీసులో టీవీ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. సినిమాలో కనపడతానని మా అక్క సామ్రాజ్యం కొత్త జాకెట్టు కుట్టిచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. తీరా చూస్తే చీరెలు మావి, చేతులు మావి, గొంతులు మావి. మొహం ఉండాల్సిన కాడ పెరుగు చిలికినట్టు తెల్లంగా ఉంది. టీవీలో ఎవరికమ్మా మొహం చెరిపేది? దొంగలకి, కొంపలు కూల్చినోళ్ళకి, పోలీసులు పట్టుకున్నోళ్ళకి! అందరూ మా వంక చూసి 'ఏం చేశారే మీరు?' అని అడిగారు."

"ఏమన్నారు మీరు?"

"ఏమంటాం? మాకు మాత్రం ఏం తెలుసు? ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. మా అత్త నెల్లాళ్ళు మా చేతి మజ్జిగ తాగలా. 'ఏ తప్పూ చెయ్యకపోతే గవుర్నమెంటోళ్ళు మొహం ఎందుకు చెరుపుతారు?' అంది. గవుర్నమెంటు కాదత్తా, ఇదెవరో ఇజీనారం ఆవిడ అన్నా నమ్మలా. ఇప్పటికీ నమ్మలా."

కనీసం కళ్లం రైతు గుర్తుపట్టకుండా ఉన్నాడు కదా అన్నాను. పాతికమందీ ఘొల్లున నవ్వారు.

"మొహం చెరిపావు గానీ చీరె చెరపలేదుగా? మా ఊళ్ళో పచ్చ నెమళ్ళ చీరె ఒక్క సామ్రాజ్యానికే ఉంది. ఆయన చిటికెలో పట్టాడు. సిగ్గుపడి మర్నాడే కళ్లంలో నీళ్ళ డ్రమ్ము పెట్టాడు. అదిగో." వేలితో నీలం డ్రమ్ము చూపించింది. "అందుకు మాత్రం నిన్ను మెచ్చుకోవాల్సిందే."

సామ్రాజ్యం గారు ఎక్కడున్నారని అడిగాను. పని ఇంకొకరికి అప్పజెప్పి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. గోడ మీద ఒక ఫొటో, దానికి ఎండిన బంతిపూల దండ. సినిమా చూసిన మరుసటి ఏడే సామ్రాజ్యం జ్వరంతో పోయిందట. ఫొటోలో ఉన్న మనిషి ఆడమనిషో మగమనిషో కూడా తెలియడం లేదు.

"ఓటరు కార్డులో బొమ్మ పేటలో పెద్దది చేయిస్తే ఇట్టా వచ్చింది. ఇది మా అక్కా కాదు, మా బావా కాదు. మాకు పెళ్ళి పొటోలు లేవు. మా అక్కని పొటో తీసింది నువ్వొక్కదానివే. ఆ మొహం కూడా చెరిపావు." నేనిచ్చిన కాగితం తిరగేసి చూసి నాకే ఇచ్చేసింది. "సంతకం నేర్చుకున్నాలే, పెడతా. మా అక్క మొహం తెచ్చియ్యి, అప్పుడు పెడతా."

టేపులు లేవని, నేనే పట్టుబట్టి చెరిపేయమన్నానని చెప్పక తప్పలేదు. ఏ సభలో చెప్పినా చప్పట్లు పడే మాట అది. ఆ గదిలో చెప్పడానికి నాకు చచ్చేంత సిగ్గేసింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న అత్తగారు వెంకాయమ్మ, "ఎవరే వచ్చింది?" అని అడిగింది. తొంభై దగ్గర్లో ఉందామె. "ఎవరూ కాదులే" అంది కోటేశ్వరమ్మ.

అంత కోపంలోనూ అన్నం పెట్టింది. పండుమిరపకాయల పచ్చడి, గోంగూర పప్పు. నా కళ్ళ వెంట నీళ్ళు చూసి గరిటెడు నెయ్యి పోసింది. కారానికా, బాధకా అని ఆమె అడగలేదు. రెండింటికీ నెయ్యే మందు అన్నట్టు ఇంకో గరిటె పోసింది. చేతులు కడుక్కునేటప్పుడు ఆమే అడిగింది. "కెమేరా పట్టుకుని వచ్చాడే, రమణయ్యగారు, ఆయనేడి? చెరిపింది ఆయనేగా?"

చెరిపింది ఆయనే. నేను చెరపమన్నాను, చెరిపానండీ అన్నాడు. కానీ రమణయ్య చిరిగిన బస్సు టికెట్టు కూడా పారేయని మనిషి. చాలా ఏళ్ళుగా ఆయనతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. చీరాలలో ఆయన చెల్లెలిల్లు నాకు గుర్తుంది. రేపు వెళ్ళి కనుక్కుని వస్తానన్నాను.

"నేనూ వస్తా" అంది కోటేశ్వరమ్మ.

"మీకెందుకండీ శ్రమ? నేను మళ్ళీ వస్తాగా."

"నువ్వు మళ్ళీ ఇరవై ఏళ్ళకి వస్తే నేనుండొద్దూ?"

చీరాల, వాడరేవు

చీరాల బస్సులో కిటికీ పక్కన ఆమే కూర్చుంది. పర్చూరు దాటేదాకా ప్రతి కళ్లాన్నీ చూసి మార్కులు వేసింది. ఇది సరిగా తిరగెయ్యలా, అది మంచుకి తడిసింది, వీడి కాయ మంచి రంగు. నేను ముప్ఫై ఏళ్ళు పల్లెలు తిరిగి చూసినదాని కంటే ఆ గంటన్నరలో ఎక్కువ చూశాను.

రమణయ్య చెల్లెలు లక్ష్మీకాంతం ఇంట్లో ముందు గదంతా మగ్గమే. ఆవిడ భర్త గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే మాట్లాడాడు. "మా బావగారు సింగరాయకొండలోనే ఉన్నాడండీ. ఫోనుందిగానీ, మోగితే గుండె దడని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మీరు వెళ్ళాల్సిందే." ఆ రాత్రికి అక్కడే ఉండమన్నారు. కోటేశ్వరమ్మ మగ్గం మీది చీర అంచు వేళ్ళతో పట్టి చూసి, నేసినవాడి ఎదుటే ధర అడిగి, ఆయన ఎదుటే కొట్లో ధర ఎంతుంటుందో లెక్కేసి, "మీకూ నీళ్ళ డ్రమ్ము ఎవరూ పెట్టలేదన్నమాట" అంది. ఆయన ఆడుతున్న మగ్గం ఆపి మరీ నవ్వాడు. ఈ ఒక్క మాట చెప్పడానికి నేనైతే నలభై నిమిషాల సినిమా తీసేదాన్ని.

పొద్దున్నే వాడరేవు వెళ్ళాం. ఇంత దూరం వచ్చి సముద్రానికి దణ్ణం పెట్టకుండా ఎట్టా అంది ఆమె. శనివారం కావడంతో కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చారు. పడవలకి అవతల ఇసుక మీద వలలు పరిచి చిన్న చేపలు ఎండబెట్టారు. కోటేశ్వరమ్మ దణ్ణం సంగతి మరిచిపోయి అటు నడిచింది.

"ఇదీ కళ్లమేగా!" అంది. వంగి ఒక చేప తిప్పి చూసి, అక్కడున్న జాలరి ఆమెతో, "ఏందమ్మాయ్, ఇటు పక్క ఎండలా. తిరగెయ్యలేదా? తాలు కూడా ఏరలేదే!" అంది. మిరపకాయల్లో రంగు పోయిన తెల్లకాయల్ని తాలు అంటారు.

"చేపల్లో తాలేందే? నువ్వెవరే నాకు చెప్పేదానికి?" అని ఆమె లేచింది.

"పాతికమందికి మేస్త్రిని!"

"నేను ముప్ఫైమందికి!"

ఇద్దరూ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. కొట్టుకుంటారేమోనని నేను మధ్యలోకి వెళ్ళబోయాను. ఈలోగా ఒక అల వచ్చి ఇసుక మీద విడిచిన నా చెప్పుల్లో ఒకటి పట్టుకుపోయింది. దాని వెనక నేను పరిగెత్తడం, మోకాళ్ళ మీద పడడం చూసి మేస్త్రులిద్దరూ తగువు మరిచి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వారు. హక్కుల కోసం ప్రపంచమంతా తిరిగాను గానీ, ఇద్దరి మధ్య నేను సంధి కుదిర్చింది అదొక్కటే. జాలరి ఆమె మాకు గుప్పెడు ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. కోటేశ్వరమ్మ తన సంచిలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి ఆమెకి ఇచ్చింది. నూటయాభై పెట్టి హవాయి చెప్పులు కొనుక్కుని కోటేశ్వరమ్మతో చీరాలలో రైలెక్కాను.

సింగరాయకొండ

రమణయ్య ఇల్లు గుడికి వెళ్ళే రోడ్డులో ఉంది. డెబ్భై దాటాడు. తెల్లటి లుంగీ, మెడలో కళ్ళజోడు తాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు. నా వెనక కోటేశ్వరమ్మని చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"కోటేశ్వరమ్మ గదూ!" అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత గుర్తుపట్టాడు. ఆయన గుర్తుపట్టినందుకే ఆమె మొహం విచ్చుకుంది.

వచ్చిన పని చెప్పాను. ఆయన చాలాసేపు లుంగీ అంచు సర్దుకున్నాడు. "మేడం, మీరు చెరపమన్నారు. నేను చెరిపానని చెప్పాను" అన్నాడు.

"అవును."

"చెప్పాను, అంతే."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. కోటేశ్వరమ్మకి వెంటనే అర్థమై చప్పట్లు కొట్టింది. రమణయ్య భార్య విసుక్కుంటూ లోపలినుంచి ఒక పెద్ద ఊరగాయ జాడీ మోసుకొచ్చింది. "ఈ జాడీ కోసం ఇరవై ఏళ్ళుగా కొట్టుకుంటన్నామండీ. ఆవకాయ పెట్టుకుంటానంటే ఇవ్వడు." మూత తీశాడు. పైన వేపాకు, ఎండుమిరపకాయలు. వాటి కింద అప్పటి చిన్న టేపులు, ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి ఉన్నాయి. కందిపప్పుకి పురుగు పట్టకుండా వేసినట్టే వేశానన్నాడు. నేను తుమ్మాను.

నాకు కోపం రావాల్సింది. ఆ టేపులు ఎవరి చేతిలోనైనా పడి ఉంటే? మాటంటే మాటేనా? అడిగాను కూడా. ఆయన నెమ్మదిగా అన్నాడు. "తప్పే మేడం. కాని నలభై ఏళ్ళు నేను చేసిన పనల్లా మొహం మీద వెలుతురు పడేట్టు చూడ్డమేగా. చెరపడానికి చెయ్యి రాలేదు. మిమ్మల్ని అడిగితే ఒప్పుకోరు. వాళ్ళని అడుగుదామంటే మీరు వెళ్ళనివ్వలేదు."

అది నిజం. వాళ్ళని అడగాల్సిన అవసరం ఉందనే నాకు అనిపించలేదు.

కొత్త టీవీకి పాత వైర్లు పెట్టే చిల్లులు లేవు. రమణయ్య తన పాత చేతి కెమెరా తీసి, టేపు పెట్టి, రెండుసార్లు పక్కన తట్టాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర. ముగ్గురం తలలు ఆనించుకుని కూర్చున్నాం.

ముందు కళ్లం కనపడింది. తర్వాత పచ్చ నెమళ్ళ చీర. తర్వాత సామ్రాజ్యం.

గుండ్రటి మొహం, నుదుటి మీద చెమట, తీసిన తొడిమ చేతిలో. కెమెరా పక్క నుంచి నా గొంతు వినపడుతోంది. "మీ హక్కుల గురించి మీరేమను... హాచ్! మీ కష్టం మీ మాటల్లో... హాచ్! హాచ్!" సామ్రాజ్యం పెదవులు బిగించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు వణకడం మొదలుపెట్టాయి.

ఆ వణుకు నాకు తెలుసు. వేణువుతో సహా తెలుసు. అది ఏడుపు కాదు. ఆ మనిషి ఆగలేక నవ్వుతోంది.

ఆ సినిమా ఎడిట్ చేసింది నేనే. ఈ టేపు అప్పుడు పదిసార్లు చూసి ఉంటాను. కాని తర్వాత ఇరవై ఏళ్ళు మసక మొహమే చూశాను. జనం ఏడుస్తుంటే చూశాను. నాక్కూడా అది ఏడుపే అయిపోయింది. పైగా పేజీన్నర రాశాను. అంత సిగ్గులోనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

తెర మీద సామ్రాజ్యం కొంగు తీసి పక్కవాళ్ళతో అంది. "ముందు ఆవిడకి కాసిని మంచినీళ్ళు ఇయ్యండే." ఎవరో చెంబు అందించారు. నేను గటగటా తాగిన చప్పుడు టేపులో వినపడింది. తర్వాత ఆమె కెమెరా వైపు తిరిగి, నవ్వు సర్దుకుని, నిదానంగా చెప్పింది. "ఇంటి కాణ్ణించి తెచ్చుకున్న కడవమ్మా అది. పదిమందికీ సాయంత్రందాకా అదే." ఈ మాట నా సినిమాలో ఉంది. దానికి ముందున్న చెంబు లేదు. ఆ పదిమంది నీళ్ళలో చెంబెడు నేను తాగానన్న సంగతి కత్తిరించేశాను. ఎందుకు కత్తిరించానో ఇప్పుడు నాకు గుర్తులేదు. బహుశా అందంగా లేదనుకుని ఉంటాను.

కోటేశ్వరమ్మ మాత్రం మళ్ళీ వెయ్యమంది. మూడోసారి చూస్తూ వేలితో తెర తాకింది. "పన్ను" అంది. సామ్రాజ్యానికి పై వరసలో ఒక పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది. "ఈ పన్ను మర్చిపోయా. ఎట్టా మర్చిపోయానే అక్కా నేను?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రమణయ్య భార్య ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

సంతకం అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే అంది. "పెడతాలే. మా ఊళ్ళో పెడతా. ముందు మా అత్తకి చెప్పాల్సింది నువ్వు చెప్పు."

బజార్లో స్టూడియో అతను టేపులో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించి, నవ్వుతున్న మొహం ఒకటి ఎంచి ఆపాడు. "ఫ్రేముతో కలిపి ఆరువందలమ్మా. రంగు కాస్త తెలుపు చేస్తా, మెళ్ళో బంగారు నాంతాడు వేస్తా, ఆ పన్ను సరిచేస్తా. అన్నీ అదే రేటులో."

కోటేశ్వరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆ పన్ను ముట్టుకున్నావంటే నీ పళ్ళు నేను సరిచేస్తా!"

అతను మౌస్ వదిలేసి చేతులు పైకెత్తాడు. ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసి ఇచ్చాడు. నేను ఇంకో కాపీ అడిగాను. ఇవ్వాలా వద్దా అని అతను నా వంక కాదు, కోటేశ్వరమ్మ వంక చూశాడు. "ఇయ్యి" అంది.

మళ్ళీ కళ్లం ఊరికి

మర్నాడు సాయంత్రం మేము బస్సు దిగేసరికి కళ్లంలో పని ముగించి ఆడవాళ్ళు ఇళ్ళకి వస్తున్నారు. ఫొటో ఉన్న సంగతి ఎలా తెలిసిందో గానీ, వాకిలి నిండిపోయింది. కోటేశ్వరమ్మ ఓటరు కార్డు బొమ్మని గోడ నుంచి దించి, కొత్తది తీసుకెళ్ళి మంచం మీదున్న అత్తగారి ఒడిలో పెట్టింది. వెంకాయమ్మ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, తర్వాత దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇది మా పెద్ద కోడలే" అంది. "పన్ను చూడు, అట్టాగే ఉంది. ఇంత శుభ్రంగా ఉన్న మొహాన్ని ఏం చేసిందని చెరిపారు?"

కోటేశ్వరమ్మ నా వైపు చూసింది. వాకిట్లో అందరూ చూశారు. ఎన్నో వేదికల మీద మాట్లాడాను. అప్పుడు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాను. "ఇద్దరూ నిజం చెప్పారు, అంతే. గవర్నమెంటు కాదు, పోలీసులూ కాదు. నేనే చెరిపాను. వాళ్ళని అడగకుండా చెరిపాను. తప్పు నాది."

వెంకాయమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఇరవై ఏళ్ళ కిందటి మజ్జిగ గుర్తొచ్చిందో ఏమో, చిన్న కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కోటేశ్వరమ్మ కాగితం తెమ్మంది. మోకాలి మీద పెట్టుకుని ముందు సామ్రాజ్యం అని రాసింది, దాని కింద కోటేశ్వరమ్మ అని రాసింది. "పుస్తకంలో కూడా ఇదే వరస. మొహాలు ఉండాలి, పేర్లు ఉండాలి, నువ్వు తుమ్మింది కూడా ఉండాలి" అంది. ఆరో అధ్యాయం మళ్ళీ మొదటినుంచి రాయాలని నాకు అప్పుడే తెలిసిపోయింది. పేరు కూడా మారుతుంది.

ఏదో చెప్పబోయాను. వాకిట్లో ఎవరో తలకి చుట్టిన తుండు దులిపారు. తుమ్ము వచ్చింది. వెంట ఇంకోటి, ఇంకో రెండు. వాకిలంతా నవ్వు.

వెంకాయమ్మ విసుగ్గా కోడలి వైపు తిరిగి, "ముందు ఆవిడకి కాసిని మంచినీళ్ళు ఇయ్యండే" అంది.

నేనూ కోటేశ్వరమ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తీసుకున్నాను. కడవలో ఇంకా ఉన్నాయా అని అడిగి, ఉన్నాయన్నాక తాగాను.